పీడీఎఫ్ ఎవరి నోటికాడి ముద్ద?

పుస్తకం పీడీఎఫ్ అయి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగితే రచయితా ప్రచురణకర్తా మునుగుతారని ఒక వాదన. చదువు అమ్ముకునే సరుకు కాదు, ఎవరికి దొరికితే వాళ్లు చదవాలని ఇంకో వాదన. సాహిత్య సభల్లో ఈ రెండూ గట్టిగానే వినిపిస్తాయి. సభ అయిపోయాక ఎవరి దారిన వాళ్లు పోతారు. రెండింటిలోనూ నిజం ఉంది. అయితే ఈ వాదన చేసేవాళ్లలో ఎక్కువమంది పుస్తకాల షాపు ఉన్న ఊళ్ల వాళ్లు. దేవరకొండ, చందంపేట తండాల నుంచి, అమ్రాబాద్ చెంచు పెంటల నుంచి చూస్తే ఇదే ప్రశ్న వేరేగా కనిపిస్తుంది. మనం అక్కడ నిలబడే చూడాలి. ఎందుకంటే మనం ఇప్పుడు చదివేవాళ్లమే కాదు, రాసేవాళ్లం కూడా.

ముందు ఒక లెక్క వేసుకుందాం. ఇది ఊహించుకున్న లెక్కే కానీ, పుస్తకం వేసుకున్న ఎవరిని అడిగినా దీనికి దగ్గరగానే చెబుతారు. ఒక లంబాడీ యువకుడు తన కథల పుస్తకం 500 కాపీలు వేయించాడు. డీటీపీ, కవరు, అచ్చు, బైండింగు కలిపి 40 వేల రూపాయలు అయింది. ధర 150 పెట్టాడు. షాపువాళ్లకు 40 శాతం డిస్కౌంటు పోతే కాపీకి చేతికొచ్చేది 90. మొత్తం 500 అమ్ముడైతే 45 వేలు. అంటే ఒక్క కాపీ మిగలకుండా పోయినా లాభం 5 వేలే. కానీ ఆవిష్కరణ సభలో అతిథులకు, సమీక్షకులకు, పత్రికలకు, చుట్టాలకు కలిపి 100 కాపీలు ఊరికే పోతాయి. షాపుల్లో 200 అమ్ముడైతే గొప్పే. వచ్చేది 18 వేలు. మిగతా 200 కాపీలు ఇంట్లో బియ్యం సంచుల పక్కన ఉంటాయి. 22 వేలు నష్టం.

ఈ లెక్కలో పీడీఎఫ్ ఎక్కడా లేదు. దొంగ కాపీ రాకముందే రచయిత మునిగాడు. మునగడానికి కారణం పుస్తకం పాఠకుని దాకా చేరే దారి లేకపోవడం. తెలుగు పుస్తకం ఎక్కువగా హైదరాబాదులో కాచిగూడ, కోఠి షాపుల్లో, డిసెంబరు పుస్తక ప్రదర్శనలో అమ్ముడవుతుంది. మన జిల్లా పట్టణాల షాపుల్లో గైడ్లు, టెస్టు పేపర్లు, నోటు పుస్తకాలదే రాజ్యం. అచ్చంపేటలో ఉన్న చెంచు పిల్లవాడు ఒక కథల పుస్తకం కొనాలంటే పుస్తకం ధర కంటే బస్సు చార్జీలే ఎక్కువ. అలాంటివాడు పీడీఎఫ్ చదివితే రచయితకు ఒక అమ్మకం పోయిందని ఎలా అంటాం? ఆ అమ్మకం ఎప్పుడూ లేనే లేదు. రచయితకు ఒక పాఠకుడు పెరిగాడు, అంతే.

ఇది కొత్త సంగతీ కాదు. నల్లగొండలో 1918లోనే షబ్నవీసు వేంకట రామనరసింహారావు ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయం పెట్టారు. తర్వాత 1922లో అక్కడి నుంచే నీలగిరి పత్రిక తెచ్చారు. గ్రంథాలయం అంటే ఏమిటి? ఒకరు కొన్న పుస్తకాన్ని వందమంది ఊరికే చదవడం. రచయితకు పైసా ఇవ్వకుండా చదివిన ఆ వందమంది వల్లే తెలంగాణలో తెలుగు చదివేవాళ్లు తయారయ్యారు. పత్రికలు కొనేవాళ్లూ, పుస్తకాలు వేసేవాళ్లూ ఆ నేల మీదనే పుట్టారు. ఊరికే చదివే అలవాటు లేని చోట కొని చదివే అలవాటు రాదు.

పాత పుస్తకాల విషయంలో పీడీఎఫ్ చేసిన మేలు ఇంకా పెద్దది. తెలంగాణలో కవులు పూజ్యమని ఒకాయన రాస్తే, దానికి జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఆయన పాలమూరు జిల్లా మనిషి. లేరన్న మాటకు అచ్చుతో జవాబు చెప్పవచ్చని ఈ నేలకు నేర్పింది ఆ సంచిక. ఇలాంటి పాత ప్రతులు చాలావరకు చెదలకు, వానలకు పోయాయి. 2000 తర్వాత మిలియన్ బుక్స్ ప్రాజెక్టు, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద హైదరాబాదు ఐఐఐటీ లాంటి చోట్ల వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు. తర్వాత ఆ సైటు మూతపడినా, ఆ స్కాన్లలో చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నిలిచాయి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో పెట్టిన కథానిలయం కూడా తెలుగు కథలను పోగు చేసి ఇంటర్నెట్‌లో పెడుతూ వచ్చింది. ఈ పనులు జరగకపోతే పరిశోధన చేసే మన పిల్లలు ఒక్కో కథ కోసం ఒక్కో ఊరు తిరగాల్సి వచ్చేది.

చట్టం ఏమంటుందో కూడా తెలిసి ఉండాలి. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. దాని ప్రకారం రచయిత బతికున్నంత కాలం, చనిపోయిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ప్రతాపరెడ్డి 1953లో చనిపోయారు. 2014 నుంచి ఆయన రాసినవి అందరివీ. ఆంధ్రుల సాంఘిక చరిత్రను ఎవరైనా స్కాన్ చేయవచ్చు, అచ్చు వేయవచ్చు, పంచవచ్చు. పాలమూరు ఊళ్ల చరిత్రలు, గుళ్ల చరిత్రలు రాసిన కపిలవాయి లింగమూర్తి 2018లో కన్నుమూశారు. ఆయన పుస్తకాలపై హక్కు 2078 చివరి దాకా ఉంటుంది. పుస్తకం మార్కెట్లో దొరికినా దొరకకపోయినా గడువు మారదు. ఒక జిల్లా చరిత్ర కాపీ ఎక్కడా దొరక్కుండా పోయినా 60 ఏళ్లు ఎవరూ ముట్టుకోకూడదనడం వల్ల రచయిత కుటుంబానికి వచ్చేదేమీ లేదు. చదివేవాడికి మాత్రం పోతుంది. ఈ చట్టంలో మొదట ప్రశ్నించాల్సింది ఇదే.

ఇంతవరకు చెప్పింది పీడీఎఫ్ పక్షం. ఇప్పుడు రెండో వైపు తిరుగుదాం. పీడీఎఫ్‌ను మెచ్చుకునేవాళ్లు ఒక సంగతి పట్టించుకోరు. ఇంటర్నెట్‌లో ఊరికే దొరికే పుస్తకాల్లో మన గురించి ఉన్నవి ఏవి?

లంబాడీల గురించి వెతికితే ముందుగా దొరికేది ఎడ్గర్ థర్స్టన్ 1909లో తెచ్చిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాలు. ఏడు సంపుటాలూ ఉచితం. నాలుగో దాంట్లో లంబాడీల మీద పేజీలకు పేజీలు ఉన్నాయి. దొంగతనాల కథలు, మంత్రాల కథలు, తెల్ల అధికారుల అనుమానపు చూపు అందులో నిండా ఉంది. 1871 నేరస్త జాతుల చట్టం నడుస్తున్న కాలపు రాత అది. ఆ చట్టాన్ని 1952లో తీసేశారు. కానీ ఆ రాత మాత్రం ఏ ఫోన్లో వెతికినా పైకి తేలుతుంది. ఎందుకంటే దానికి కాపీరైటు అయిపోయింది. అదే లంబాడీ బిడ్డ తన తండా గురించి ఈ కాలంలో రాసింది కాపీరైటులో ఉంది, అచ్చులో 500 కాపీలే ఉంది, ఇంటర్నెట్‌లో ఎక్కడా లేదు. డిగ్రీ పిల్లలు ప్రాజెక్టు రాయాలంటే దేన్ని ఎత్తి రాస్తారు? ఊరికే దొరికినదాన్నే. అట్ల మన మీద వందేళ్ల కింద వేసిన ముద్ర మన పిల్లల చేతనే మళ్లీ రాయించబడుతోంది.

నిఖార్సయిన నష్టం ఇక్కడ ఉంది. దీన్ని రూపాయల్లో లెక్కకట్టలేం. ఉచితంగా దొరికే అల్మారా తటస్థమైనది కాదు. అందులో పాతవాళ్ల మాట ఎక్కువ, మన మాట తక్కువ. మన పుస్తకాలను కాపాడుకుంటున్నామని తాళం వేసి పెడితే బయట మిగిలేది థర్స్టన్ మాటే.

చెంచుల సంగతి ఇంకో తీరు. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాద్ అడవుల్లో చెంచుల మధ్య ఉండి, వాళ్ల మీద 1943లో ఇంగ్లీషులో పుస్తకం తెచ్చాడు. థర్స్టన్ మాదిరిగా అనుమానంతో రాసింది కాదది. కలిసి ఉండి, చూసి రాసింది. ఆ పుస్తకం స్కాన్ కూడా ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. రచయిత 1995లో చనిపోయాడు. రచయిత గడువు లెక్కన చూస్తే హక్కు 2055 దాకా నడుస్తుంది. చట్టం ప్రకారం ఆ స్కాన్ మీద పేచీ పెట్టవచ్చు. కానీ ఒకటి ఆలోచించండి. ఆ పుస్తకంలో ఉన్నది ఎవరి బతుకు? తమ పెంటలు, తమ పెళ్లిళ్లు, తమ గడ్డలు తవ్వే తీరు, తమ దేవుళ్ల కథలు చెప్పినవాళ్ల మనుమలకు ఆ పుస్తకం అచ్చు ప్రతి ఎన్నడూ అందలేదు. వాళ్లలో ఎవరైనా మొదటిసారి దాన్ని ఫోన్లో తెరిస్తే, ఆ చదవడాన్ని దొంగతనం అనగలమా? అందులోని బతుకు వాళ్లది. హక్కు మాత్రం లండన్‌లో అచ్చయిన పుస్తకానిది.

పాటల దగ్గరికి వస్తే ఇదే అన్యాయం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. గోర్‌బోలికి సొంత లిపి లేదు. తెలంగాణలో తెలుగు లిపిలో రాసుకుంటున్నాం. మన సాహిత్యంలో ఎక్కువ భాగం నోటి మీదనే ఉంది. తీజ్ పాటలు, పెళ్లికూతురు ఏడ్చే ఢావ్లో పాటలు, భాట్లు చెప్పే కథలు. ఇవి తరతరాల ఉమ్మడి సొత్తు కాబట్టి కాపీరైటు చట్టం వీటికి రచయితను చూపించదు. ఎవరైనా వచ్చి రాసుకుని పుస్తకం వేస్తే ఆ సంకలనం మీద హక్కు సేకర్తది. పాట ఇచ్చిన యాడికి ఒక కాపీ ఇస్తే గొప్ప. అయితే ఒక్క సంగతి మన టీచర్లు, యువకులు గుర్తు పెట్టుకోవాలి. 1994 సవరణతో ప్రదర్శకుల హక్కులు చట్టంలోకి వచ్చాయి. పాట ఎవరిదైనా, పాడిన గొంతు మీద పాడినవాళ్లకు హక్కు ఉంది. అడగకుండా రికార్డు చేసి అమ్ముకోవడం కుదరదు. ఈ సంగతి తండాల్లో తెలియదు కాబట్టి ఎవరూ అడగరు.

అందుకే ‘ఉచితం మంచిదే, పేరు వస్తుంది, పేరుతో పాటే డబ్బు వస్తుంది’ అనే మాటను మనం పూర్తిగా నమ్మలేం. ఈ మాట బయటి దేశాల్లో బాగా వినబడింది. రచయితకు దొంగ కాపీ కంటే ఎవరికీ తెలియకుండా పోవడమే పెద్ద ప్రమాదమని అమెరికన్ ప్రచురణకర్త టిమ్ ఓరైలీ 2002లో వాదించాడు. రష్యాలో తన పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఊరికే దొరికిన తర్వాతే అచ్చు ప్రతుల అమ్మకాలు పెరిగాయని పాలో కొయిలో చెబుతూ వచ్చాడు. కావచ్చు. కానీ కొయిలో పుస్తకం ఫోన్లో నచ్చినవాడికి అది షాపులో దొరుకుతుంది. మన పుస్తకం నచ్చినవాడు ఏ షాపుకు పోవాలి? పేరు డబ్బుగా మారాలంటే మధ్యలో ఒక బజారు ఉండాలి. ఆ బజారు మనకు లేదు.

మన కళ్ల ముందరి ఉదాహరణ చూడండి. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట కళాకారుడు దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ చెబుతాడు. భీమ్లా నాయక్ సినిమా పాటతో ఆయన గొంతు లక్షల ఫోన్లలోకి పోయింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. అదే మనిషి 2024లో కట్టడాల దగ్గర కూలి పని చేస్తున్న వార్త అందరం చదివాం. ఎంతమంది విన్నా, ఎంత పేరొచ్చినా, కళాకారుని ఇంటికి నెలనెలా బియ్యం వచ్చే ఏర్పాటు దానంతట అది పుట్టదు. రాసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

కాబట్టి కొత్త పుస్తకం సంగతి పాత పుస్తకం సంగతి కాదు. మొన్న అచ్చయిన పుస్తకాన్ని ఇవాళ స్కాన్ చేసి గ్రూపులో పడేయడం తప్పే. నెలకు ఇంత అని జీతం అందుకునేవాళ్లు, 150 రూపాయలు పెట్టగలిగినవాళ్లు, ‘అన్నా, పీడీఎఫ్ ఉంటే పెట్టు’ అని రచయితనే అడగడం ఇంకా తప్పు. పైన వేసిన లెక్కలో ఆ రచయితకు మిగిలిన కాపీల్లో ఇంకో 150 నేరుగా పూర్తి ధరకు పోతే అసలు తిరిగొచ్చేది. ఆ 150 మంది మన టీచర్లలోనే, మన ఉద్యోగుల్లోనే ఉన్నారు. పెద్ద సంస్థకు పీడీఎఫ్ వల్ల పోయేది లాభం. చిన్న ప్రచురణకర్తకు పోయేది తర్వాతి పుస్తకం. ఢావ్లో కథల పుస్తకానికి రమేశ్ కార్తీక్ నాయక్‌కు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. తండా కథకు ఆ గౌరవం రావడానికి ముందు దాన్ని నమ్మి అచ్చు వేసినవాళ్లు ఉండాలి. అలా నమ్మేవాళ్లను మనమే ఎండబెడితే రేపటి పుస్తకం రాదు.

కోర్టుల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం దగ్గరి జిరాక్స్ షాపు పాఠాలకు కావాల్సిన పేజీలను పుస్తకాల నుంచి తీసి కట్టలుగా అమ్ముతోందని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ 2012లో కేసు వేశాయి. చదువు చెప్పే పనిలో భాగంగా తీసే కాపీలకు చట్టంలోని 52వ సెక్షన్ చోటిస్తుందని ఢిల్లీ హైకోర్టు 2016లో తీర్పు చెప్పింది. 2017లో ప్రచురణకర్తలు కేసు వదులుకున్నారు. అమెరికాలో మాత్రం ఇంటర్నెట్ ఆర్కైవ్ కొత్త పుస్తకాలను స్కాన్ చేసి అరువివ్వడం చెల్లదని 2023లో తీర్పు వచ్చింది. 2024లో పై కోర్టూ అదే చెప్పింది. మన టీచర్లకు ఇందులో ఉపయోగపడే సంగతి ఒకటుంది. తరగతిలో పాఠం కోసం ఒక కథ, ఒక వ్యాసం జిరాక్స్ తీసి పిల్లలకు పంచడానికి భయపడనక్కర లేదు. పుస్తకం మొత్తాన్ని స్కాన్ చేసి ఊరి మీదికి వదలడం వేరు. మొదటిది చదువు చెప్పడం. రెండోది వేరొకరి బదులు మనమే ప్రచురణకర్త అయి కూర్చోవడం.

అయితే టీచరును, చదివే పిల్లవాడిని తప్పు పట్టే ముందు సర్కారును అడగాల్సింది ఉంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తారు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. తండా కూడా ఆ సెస్సు కడుతోంది. మరి తండాకు గ్రంథాలయం ఏది? జిల్లా గ్రంథాలయ సంస్థలు, గురుకులాలు, ఆశ్రమ పాఠశాలలు, మన్ననూరు ఐటీడీఏ కలిసి గిరిజన రచయిత పుస్తకం ఒక్కోటి 300 కాపీలు కొంటే ఆ పుస్తకానికి నష్టం రాదు. ఆ 300 కాపీలను వేలమంది ఊరికే చదువుతారు. రచయితకు డబ్బు అందుతుంది, పాఠకునికి పుస్తకం ఉచితంగా అందుతుంది. ఈ రెండింటికీ కొట్లాట పెట్టింది పీడీఎఫ్ కాదు, కొనని గ్రంథాలయం. ప్రజల డబ్బుతో కొనాల్సిన పుస్తకం కొనకపోతే పాఠకుడు స్కాన్ వెతుక్కుంటాడు. రచయిత ఆ పాఠకుణ్ని తిడతాడు. ఇద్దరూ నష్టపోయినవాళ్లే.

సర్కారు కదిలే దాకా ఆగకుండా మనం చేసుకోగలిగిన పనులూ ఉన్నాయి. పుస్తకం వేసేటప్పుడే, అచ్చు ప్రతులు అయిపోయాక లేదా రెండేళ్ల తర్వాత దీన్ని ఉచితంగా పెడతానని రచయిత మొదటి పేజీలో రాసుకోవచ్చు. అప్పుడు పాఠకునికీ తెలుస్తుంది, దొంగతనం అనే మాటా ఉండదు. పెట్టేటప్పుడు ఫొటోల కట్టలా కాకుండా అక్షరాలతో పెడితే వెతికినప్పుడు దొరుకుతుంది. థర్స్టన్ పక్కన మన మాట కూడా పైకి తేలాలంటే ఇది తప్పదు. కాలం చేసిన మన రచయితల పుస్తకాలకు వాళ్ల ఇంటివాళ్లను అడిగి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవచ్చు. పాటలు సేకరించేవాళ్లు పాడినవాళ్ల పేరు, తండా పేరు పుస్తకంలో వేయాలి. వాళ్ల ఒప్పుకోలు లేకుండా ఫోన్లో పెట్టకూడదు. బయటివాళ్లకు చెప్పకూడదని పెద్దలు అనుకునే పూజలు, మంత్రాలు కూడా ఉంటాయి. అన్నీ ఉచితంగా ఇంటర్నెట్‌కు ఎక్కించడమే అభివృద్ధి కాదు. ఏది ఇవ్వాలో, ఏది మన దగ్గర ఉంచుకోవాలో చెప్పే హక్కు తండాది, పెంటది.

ఉచిత ప్రతి రచయితను చంపుతుందా అని అడిగితే, దానికి ఒక్క జవాబు లేదు. ఎవరి పుస్తకం, ఎప్పటి పుస్తకం, ఎవరు చదువుతున్నారు, ఎవరు పెట్టారు అని నాలుగు అడగాలి. అచ్చులో లేని పాత పుస్తకానికి అది ప్రాణం. మన బతుకు మీద పరాయివాళ్లు రాసిన పుస్తకం మనకు తిరిగి చేరడానికి అది దారి. కొనగలిగినవాడు కొత్త పుస్తకాన్ని అట్ల చదివితే అది నోటికాడి ముద్ద గుంజుకోవడమే. ఈ పుస్తకాన్ని ఎవరైనా స్కాన్ చేసి మీకు పంపితే చదవండి. చదివి బాగుందనుకుంటే ఒక కాపీ కొని, మీ బడి గ్రంథాలయంలో పెట్టండి.